గుర్రం కాళ్ళలో దాక్కున్న సిలువ

అందరికీ నమస్కారం. వెనకాల వినపడుతోందా... ఆ, సరే. ప్రొజెక్టర్ ఇంకా ఆన్ కాలేదంటున్నారు, అది వచ్చేలోపు నేను మొదలుపెట్టేస్తా, ఎలాగూ నా దగ్గర స్లైడ్ల కన్నా కబుర్లే ఎక్కువ.

ముందు ఒక తప్పు ఒప్పేసుకుంటాను. చాలా ఏళ్ళ కిందట, కొత్తగా బైనాక్యులర్ కొన్న రోజులు, చేతిలో అది ఉంటే ఊరికే ఉండబుద్ధి కాదు కదా, మా వీధి పిల్లల్ని పోగేసి డాబా ఎక్కించేవాణ్ణి. ఫిబ్రవరి నెలాఖరు, రాత్రి పదింటప్పుడు దక్షిణం వైపు చూస్తే కొబ్బరి చెట్ల మీదుగా నాలుగు చుక్కలు, సిలువ ఆకారంలో భలే ఉన్నాయి. "ఇదేరా సదరన్ క్రాస్, ఆస్ట్రేలియా జెండా మీద ఉండేది ఇదే" అని చెప్పేశా. పిల్లలు చప్పట్లు కొట్టారు. మరుసటేడు కూడా అదే చూపించా. మూడో ఏడు మే నెలలో ఒక రాత్రి కరెంటు పోయి, ఉక్క తట్టుకోలేక డాబా మీద చాప వేసుకుని పడుకుంటే, దక్షిణాన ఇంకా కిందగా ఇంకో సిలువ కనపడింది. చిన్నది, బిగుతుగా ఉంది, మెరుపు ఎక్కువ. దానికి ఎడం పక్కన రెండు పెద్ద చుక్కలు కాపలా ఉన్నట్టు. లేచి కూర్చున్నా. అసలుది ఇదీ, నేను రెండేళ్ళు చూపించింది దొంగ సిలువ. ఇంగ్లీషులో దాని పేరు కూడా అదే, ఫాల్స్ క్రాస్. పూర్వం ఆర్గో అని ఒక పెద్ద ఓడ రాశి, అంటే ఓడ బొమ్మగా ఊహించుకున్న చుక్కల గుంపు ఉండేది, ఆ ఓడ తెరచాప నుంచి రెండు చుక్కలు, అడుగు నుంచి రెండు చుక్కలు కలిస్తే సిలువలాగా కనపడి ఇలా జనాన్ని మోసం చేస్తుంది. ఆ పిల్లల్లో సగం మంది ఇప్పుడు ఇంజనీర్లు, వాళ్ళ బుర్రలో ఇంకా ఆ దొంగ సిలువే ఉండి ఉంటుంది.

నవ్వుతున్నారు గానీ, ఇదే రకం తప్పు 1589లో ఆమ్‌స్టర్‌డామ్‌లో చాలా పెద్ద పండితుడు చేశాడు, ఆయనది నాకన్నా ఘోరం, గ్లోబు మీద చెక్కించి అచ్చేయించి అమ్మేశారు కూడా. ఆయన దగ్గరకి వస్తా. ఇవ్వాళ కథంతా ఆ సిలువకి ఆకాశ పటంలో సరైన చోటు ఎలా దొరికింది అన్నదే. చుక్కలు ఎక్కడికీ పోలేదు, ఉన్నచోటే ఉన్నాయి, మనుషులకి వాటి అడ్రస్ దొరకడానికి మాత్రం పద్నాలుగు పదిహేను వందల ఏళ్ళు పట్టింది.

ముందు అసలు ఇదేంటో చెప్పాలి. క్రక్స్ అంటారు లాటిన్‌లో, అంటే సిలువే. ఆకాశాన్ని ఇప్పుడు 88 రాశులుగా పంచారు, వాటిలో అన్నిటికన్నా చిన్నది ఇది, 68 చదరపు డిగ్రీలు. నాలుగు చుక్కలు. కింద ఉండేది అన్నిటికన్నా పెద్దది, ఆక్రక్స్. పైన ఉండేది కాస్త ఎర్రగా ఉంటుంది, గాక్రక్స్. ఎడమ వైపు మిమోసా, కుడి వైపు కొంచెం మసకగా ఒకటి. ఇవి కాక కుడి వైపు కింది మూలలో, ఆక్రక్స్‌కీ కుడి చుక్కకీ మధ్యన, చిన్నది ఐదో చుక్క. ఈ ఐదోదాన్ని గుర్తుపెట్టుకోండి, దీంతో తర్వాత పని ఉంది.

మన బెజవాడ నుంచి చూస్తే ఆక్రక్స్ ఎంత ఎత్తుకు వస్తుందంటే, పది డిగ్రీలు. చెయ్యి ముందుకు చాచి పిడికిలి బిగించండి, పిడికిలి వెడల్పు పది డిగ్రీలు ఉంటుంది. అంతే, దక్షిణ దిక్కున నేల మీద నుంచి ఒక పిడికిలి. హైదరాబాద్‌లో ఇంకొంచెం తక్కువ, తొమ్మిదిన్నర. తిరుపతిలో పదమూడు దాటుతుంది. మార్చి చివర అర్ధరాత్రికి సరిగ్గా దక్షిణాన, దాని అన్నిటికన్నా పై ఎత్తుకి వస్తుంది, ఏప్రిల్ చివరికి పదింటికి, మే రెండో వారానికల్లా తొమ్మిదింటికి. అంటే మనకి ఇది వడగాడ్పుల కాలపు చుక్క, డాబా మీద పడకలు వేసుకునే రోజుల చుక్క.

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. రెండో శతాబ్దం, ఈజిప్టులో అలెగ్జాండ్రియా. టాలెమీ అనే ఆయన అల్మజెస్ట్ అని పెద్ద గ్రంథం రాశాడు, అందులో వెయ్యికి పైగా నక్షత్రాల జాబితా, 48 రాశులు. ఆ 48లో సిలువ లేదు. సిలువ చుక్కలు మాత్రం ఉన్నాయి! ఎక్కడున్నాయంటే సెంటారస్ అనే రాశిలో. సెంటారస్ అంటే గ్రీకు కథల్లో పైన మనిషి, కింద గుర్రం. మన తుంబురుడికి మొహం గుర్రానిది, వీడికి ఒళ్ళు గుర్రానిది, అంతే తేడా. ఆ గుర్రానికి వెనక కాళ్ళు ఉంటాయి కదా, అక్కడ కాళ్ళ చుక్కలుగా రాసేశాడు ఈ నాలుగింటినీ. ఇప్పుడు చూస్తే ఇంత స్పష్టంగా సిలువలా కనపడేది వాళ్ళకి ఎందుకు కనపడలేదు అంటే, ఎందుకు కనపడాలి అసలు? సిలువ అంటే అప్పటి రోమన్ రాజ్యంలో మనుషుల్ని మేకులు కొట్టి చంపే కొయ్య. దాన్ని ఎవరూ ఆకాశంలో వెతుక్కోరు. గుర్రం బొమ్మకి కాళ్ళు కావాలి, చుక్కలు ఉన్నాయి, పెట్టేశారు.

ఇంకో సంగతి, అలెగ్జాండ్రియా 31 డిగ్రీల ఉత్తరాన ఉంది. ఇవ్వాళ అక్కడ నిలబడి చూస్తే ఆక్రక్స్ కనపడదు, నేల కిందే ఉండిపోతుంది. మరి టాలెమీకి ఎలా కనపడింది? ఇక్కడే బొంగరం వస్తుంది. బొంగరం వేగంగా తిరుగుతూ తిరుగుతూ తల ఊపుతుంది చూశారా, భూమి కూడా అంతే, కాకపోతే ఒక్కసారి తల తిప్పడానికి సుమారు 26,000 ఏళ్ళు. దానివల్ల చుక్కల ఎత్తులు నెమ్మదిగా మారిపోతుంటాయి. సిలువ ఉన్న చోట ఈ మార్పు ఏడాదికి 20 ఆర్క్ సెకన్లు, డిగ్రీని 3600 ముక్కలు చేస్తే ఒక ముక్క ఒక ఆర్క్ సెకను, అంటే 180 ఏళ్ళకి ఒక డిగ్రీ దక్షిణానికి జారుతుంది. టాలెమీ నుంచి ఇప్పటికి 1850 ఏళ్ళు అనుకోండి, పది డిగ్రీలు జారింది. ఆయన రోజుల్లో అలెగ్జాండ్రియాలో ఆక్రక్స్ ఆరు డిగ్రీల ఎత్తుకి వచ్చేది. అదే లెక్కన మన బెజవాడలో అమరావతి స్తూపం కట్టిన కాలంలో ఇరవై డిగ్రీల ఎత్తున ఉండేది, అంటే రెండు పిడికిళ్ళు! ఆ రోజుల్లో కృష్ణ ఒడ్డున నిలబడ్డ భిక్షువులు మనకన్నా బాగా చూసి ఉంటారు.

యూరప్ వాళ్ళకి మాత్రం అది జారిపోయింది. పుస్తకంలో గుర్రం కాళ్ళుగా అంకెల రూపంలో మిగిలింది, కంటికి కనపడటం మానేసింది. మధ్యయుగంలో అల్మజెస్ట్ అరబ్బీలోకి, అక్కణ్ణుంచి లాటిన్‌లోకి వెళ్ళింది, ప్రతి ప్రతిలోనూ ఆ అంకెలు నకలవుతూ వచ్చాయి. రాసేవాడికి ఆ చుక్కలు చూసే అవకాశమే లేదు.

మన వైపు ఏముంది అని అడుగుతారు, ఎప్పుడూ అడుగుతారు, అందుకే ముందే చెప్తున్నా. త్రిశంకు. కథ అందరికీ తెలిసిందే, బొందితో స్వర్గానికి పోతానన్నాడు, విశ్వామిత్రుడు పంపాడు, ఇంద్రుడు తోసేశాడు, తలకిందులుగా పడుతుంటే విశ్వామిత్రుడు ఆపేసి, కోపంతో దక్షిణం వైపు కొత్త సప్తర్షుల్ని, కొత్త నక్షత్రాల్ని సృష్టించడం మొదలుపెట్టాడు. బాలకాండలో ఉంది. అటూ ఇటూ కాని బతుకుని త్రిశంకు స్వర్గం అంటాం, బదిలీ ఆర్డరొచ్చి రిలీవ్ చెయ్యని ఉద్యోగస్తుడు దగ్గర్నుంచీ. ఈ సిలువనే త్రిశంకు అని పంచాంగం తెలిసిన పెద్దలు చూపించడం ఉంది, నాకు నచ్చుతుంది కూడా, నేలకి కాస్త పైన వేలాడుతూ ఉంటుంది కాబట్టి బాగా కుదిరింది. కానీ నిజాయితీగా చెప్పాలంటే రామాయణం దక్షిణ దిక్కు అని చెప్తుంది, ఫలానా నాలుగు చుక్కలు అని కొలత ఇవ్వదు. మన పాత ఖగోళ గ్రంథం సూర్యసిద్ధాంతం తీసుకోండి, అందులో అగస్త్య నక్షత్రానికి మిథునం చివర, దక్షిణానికి 80 డిగ్రీలు అని అంకెలు ఉన్నాయి, లుబ్ధకుడికి ఉన్నాయి, బ్రహ్మహృదయానికి ఉన్నాయి, త్రిశంకుకి లేవు. ఇదిగో ఇదేనండి నేను ఇందాకటి నుంచి అంటున్నది. కథ ఉండటం వేరు, కొలత ఉండటం వేరు. యూరప్ వాళ్ళకి కొలత ఉండి ఆకారం లేదు, మనకి కథ ఉండి కొలత లేదు.

ఆ, ప్రొజెక్టర్ వచ్చింది. థాంక్యూ అమ్మా. మొదటి స్లైడు వదిలేద్దాం, అందులో నా పేరే ఉంది.

పదిహేనో శతాబ్దంలో పోర్చుగీసు వాళ్ళు ఆఫ్రికా పక్కనుంచి కిందికి దిగడం మొదలుపెట్టారు. కడమోస్తో అని వెనిస్ వాడు, వాళ్ళ తరపున వెళ్ళాడు, 1455లో గాంబియా నది మూతి దగ్గర ఓడ ఆపితే, ధ్రువనక్షత్రం సముద్రానికి ఆనుకున్నట్టు కనపడింది, దక్షిణాన ఆరు పెద్ద చుక్కలు కనపడ్డాయి. దానికి దక్షిణపు బండి అని పేరు పెట్టుకున్నాడు. ఉత్తరాన సప్తర్షుల్ని వాళ్ళు బండి అంటారు, కాబట్టి ఇక్కడా ఒక బండి ఉండాలనుకున్నాడు. పాపం ఆయన గీసిన బొమ్మ సరిగ్గా కుదరలేదు.

తర్వాతి మనిషి నాకు చాలా ఇష్టం. మేస్త్రె జోవావ్. వైద్యుడు, జ్యోతిశ్శాస్త్రం తెలిసినవాడు. 1500లో కబ్రాల్ 13 ఓడలతో మన కాలికట్‌కి బయల్దేరాడు, మిరియాల కోసం, దారిలో బాగా పడమరకి పోయి బ్రెజిల్ తీరం తగిలింది. ఆ ఓడల్లో ఒకదాంట్లో ఈయన ఉన్నాడు. మే 1వ తారీఖున అక్కణ్ణుంచి పోర్చుగల్ రాజు మాన్యుయెల్‌కి ఉత్తరం రాశాడు. రెండు పేజీల ఉత్తరం, సగం ఫిర్యాదులే. నా కాలు బాగాలేదు, గోక్కుంటే పుండై అరచెయ్యి కన్నా పెద్దదయింది, ఓడ చిన్నది, సరుకు నిండా కుక్కారు, ఎక్కడా చోటు లేదు, అందుకని నక్షత్రాలు సరిగ్గా కొలవలేకపోయాను అని. ఇంకో మాట రాశాడు, సముద్రం మీద చుక్క ఎత్తు కొలవడం కుదరని పని, ఓడ కాస్త ఊగినా నాలుగైదు డిగ్రీలు తప్పు వస్తుంది, నేల మీదే కొలవాలి అని. అందుకే ఏప్రిల్ 27న ఇద్దరు పైలట్లతో, అంటే ఓడకి దారి చూపేవాళ్ళతో, ఒడ్డుకి దిగి మధ్యాహ్నం సూర్యుడి ఎత్తు కొలిచి, మనం భూమధ్యరేఖకి 17 డిగ్రీల దక్షిణాన ఉన్నాం అని తేల్చాడు. నిజానికి ఆ చోటు 16 చిల్లర. పుండు కాలుతో, కొత్త ఖండం మీద నిలబడి ఒక డిగ్రీ లోపల కొట్టాడు, చూడండి. 17 డిగ్రీల ఉత్తరాన మన రాజమండ్రి ఉంది, ఆయన సరిగ్గా అద్దంలో అవతలి పక్క ఉన్నట్టు.

ఆ ఉత్తరంలో ఆయన ఆకాశం బొమ్మ గీశాడు. కలంతో చుక్కలు పెట్టి, ఒక గుంపు పక్కన సిలువ అని రాశాడు. ఇవి సప్తర్షుల చుక్కలంత పెద్దవి అని కూడా చెప్పాడు. సిలువ అని పేరు పెట్టి, గుర్తుపట్టేట్టుగా గీసిన మొదటి బొమ్మ అదేనని చెప్తారు. ఇప్పుడు ఆలోచించండి, వాళ్ళ మెడలో సిలువ, ఓడ తెరచాప మీద ఎర్ర సిలువ, దిగిన నేలకి పెట్టిన పేరు వేరా క్రూజ్, అంటే నిజమైన సిలువ. పైకి చూస్తే ఇంకేం కనపడుతుంది? గ్రీకులకి గుర్రం కాలైంది వీళ్ళకి దేవుడి గుర్తయింది. అయితే ఆ ఉత్తరం మాత్రం రాజుగారి కాగితాల కట్టలో పడిపోయి, 19వ శతాబ్దం దాకా అచ్చుకి నోచుకోలేదు. కాబట్టి మ్యాపులు గీసేవాళ్ళకి అది అందలేదు.

వాళ్ళకి అందింది ఇంకో ఉత్తరం, అది మన పక్కనుంచే వెళ్ళింది. కొచ్చిన్ నుంచి. ఆండ్రెయా కోర్సాలీ అని ఫ్లారెన్స్ వాడు పోర్చుగీసు ఓడలో కొచ్చిన్ చేరి, అక్కణ్ణుంచి జనవరి 6న జూలియానో దె మెదిచికి రాశాడు. 1516లో ఫ్లారెన్స్‌లో దాన్ని చిన్న పుస్తకంగా అచ్చేశారు, చెక్క అచ్చుతో ఒక బొమ్మ కూడా వేశారు. ఇదిగో స్లైడులో ఉంది. సిలువ ఉంది చూశారా, పక్కన రెండు మబ్బు తునకలు, అవే మెగల్లాన్ మేఘాలు అని తర్వాత పేరు పడ్డవి, మెగల్లాన్ ఇంకా బయల్దేరకముందే ఈయన గీశాడు. ఈ సిలువ ఎంత అందంగా ఉందంటే ఆకాశంలో ఇంకే గుర్తూ దీనికి సాటిరాదు అన్న అర్థం వచ్చేట్టు రాసుకున్నాడు. అదే ఉత్తరంలో ఇంకో తమాషా ఉంది, గుజరాతీల గురించి రాస్తూ, వీళ్ళు నెత్తురున్న దేన్నీ తినరు, ఏ ప్రాణినీ హింసించరు, మన లియొనార్డో దా విన్చీ లాగా అన్నాడు. లియొనార్డో శాకాహారి అని చెప్పుకునేవాళ్ళందరూ ఈ కొచ్చిన్ ఉత్తరాన్నే పట్టుకుంటారు. సిలువ కోసం వెళ్తే ఇది దొరికింది నాకు.

కొచ్చిన్ మాట వచ్చింది కాబట్టి, జోవావ్ ద లిస్బోవా అనే పైలట్, ఇంకో పైలట్‌తో కలిసి కొచ్చిన్‌లోనే ఈ సిలువని కొలిచి ఓడ నడిపేవాళ్ళకి ఒక సూత్రం తయారుచేశాడు. సిలువ నిటారుగా నిలబడ్డప్పుడు కింది చుక్క ఆకాశపు దక్షిణ ధ్రువానికి, అంటే దక్షిణపు చుక్కలన్నీ దేని చుట్టూ తిరుగుతాయో ఆ చోటుకి, 30 డిగ్రీల దూరం. ఇది తెలిస్తే పని అయిపోయినట్టే. కొచ్చిన్‌లో కింది చుక్క ఎత్తు సుమారు 20 వస్తుంది, 30లోంచి 20 తీసెయ్, 10, కొచ్చిన్ పది డిగ్రీల ఉత్తరం. అంత తేలిక. ఉత్తరాన ధ్రువనక్షత్రం ఉంది, దక్షిణాన అలాంటిది లేదు, అందుకని ఈ సిలువే వాళ్ళకి దిక్కు. ఇప్పుడు ఆ 30 కాస్తా 27కి వచ్చింది, బొంగరం సంగతి చెప్పా కదా.

ఇప్పుడు మన ఆమ్‌స్టర్‌డామ్ పెద్దాయన. పేత్రుస్ ప్లాన్సియస్. చర్చిలో బోధకుడు, మ్యాపుల పిచ్చి. 1585లో బ్రసెల్స్ స్పెయిన్ చేతికి పోతే పారిపోయి ఆమ్‌స్టర్‌డామ్ చేరాడు. పోర్చుగీసు రహస్య సముద్ర పటాలు ఎలాగోలా సంపాదించేవాడు. 1589లో వాన్ లాంగ్రెన్ అనే గ్లోబుల తయారీదారుతో కలిసి ఆకాశ గ్లోబు చేశాడు. దక్షిణం వైపు ఖాళీ. టాలెమీ 48 తర్వాత అక్కడ ఏమీ లేదు, గ్లోబు అడుగున బోడిగుండులా ఉంటుంది. ఆ ఖాళీ ఈయనకి నచ్చలేదు. చేతిలో కోర్సాలీ బొమ్మ లాంటి వర్ణనలు ఉన్నాయి. సిలువ అంట, మబ్బులంట. సరే పెడదాం, ఎక్కడ? ఆ బొమ్మల్లో కొలతలు లేవు, ఏ తెలిసిన చుక్కకి ఎంత దూరమో లేదు. ఖాళీ చూసుకుని యెరిడనస్ అనే నది రాశికి దక్షిణాన పెట్టేశాడు. అసలు చోటుకి దక్షిణ ధ్రువానికి దాదాపు ఎదురు పక్క!

అసలు విచిత్రం ఏంటంటే, అదే గ్లోబు మీద సెంటారస్ కూడా ఉంది, దాని వెనక కాళ్ళు కూడా ఉన్నాయి, ఆ కాళ్ళలో టాలెమీ ఇచ్చిన కొలతలతో ఆ నాలుగు చుక్కలూ ఉన్నాయి. అంటే ఒకే చుక్కలు రెండు చోట్ల, ఒకచోట కాళ్ళుగా, ఇంకోచోట సిలువగా. ఒకే మనిషికి రెండు రేషన్ కార్డులున్నట్టు. కాళ్ళుగా ఉన్న అడ్రస్ సరైనది, పేరు తప్పు. సిలువగా ఉన్నచోట పేరు సరైనది, అడ్రస్ తప్పు. ఆయన్ని తప్పుపట్టలేను నేను, నేనైతే డాబా ఎక్కి కళ్ళతో చూస్తూ తప్పు చెప్పా, ఆయనకి ఆమ్‌స్టర్‌డామ్‌లో ఏ డాబా ఎక్కినా అది కనపడదు.

కానీ ఆయన గొప్పతనం ఇక్కడుంది, చూసి వచ్చినవాళ్ళ కబుర్ల మీద ఆధారపడితే లాభం లేదని తెలుసుకుని, కొలిచే మనిషిని తయారుచేసి పంపాడు. 1595లో డచ్చి వాళ్ళు మొదటిసారి తూర్పుదేశాలకి నాలుగు ఓడలు పంపారు, 249 మంది. అందులో పీటర్ కేజర్ అనే పైలట్‌కి చుక్కలు కొలవడం నేర్పి, పరికరం ఇచ్చి, దక్షిణాకాశపు ఖాళీ నింపుకురమ్మన్నాడు. కేజర్ తెరచాప కొయ్య మీద కాపలావాడు కూర్చునే గూట్లో కూర్చుని కొలిచేవాడని అప్పట్లోనే రాసిపెట్టారు. మేస్త్రె జోవావ్ ఏమన్నాడు, ఓడ ఊగితే నాలుగైదు డిగ్రీలు పోతుంది అన్నాడు. కొయ్య పైన ఊపు ఇంకా ఎక్కువ కదా, ఎలా కొలిచాడో నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. మధ్యలో మడగాస్కర్‌లో నెలల తరబడి ఆగారు, జబ్బులు, ఆకలి, గొడవలు, అక్కడ నేల మీద కొంత పని సాగి ఉండాలి. 1596 సెప్టెంబర్‌లో జావాలో బాంటెన్ దగ్గర కేజర్ చనిపోయాడు. 1597 ఆగస్టులో ఓడలు తిరిగి వచ్చేసరికి మిగిలింది 87 మంది. కేజర్ రాసుకున్న కాగితాలు మాత్రం ప్లాన్సియస్ చేతికి చేరాయి. అందులో 135 చుక్కలు.

మరుసటేడు, 1598లో, ప్లాన్సియస్ హోండియస్ అనే ఇంకో గ్లోబుల తయారీదారుతో కలిసి కొత్త గ్లోబు వేశాడు. పన్నెండు కొత్త రాశులు, నెమలి, ఊసరవెల్లి, ఎగిరే చేప, టూకాన్ పక్షి, అలా ఓడలో వెళ్ళినవాళ్ళు చూసిన జంతువులన్నీ ఆకాశం ఎక్కేశాయి. సిలువ కూడా నది పక్క నుంచి లేచి తన చోటుకి, గుర్రం కాళ్ళ దగ్గరకి వచ్చింది. తొమ్మిదేళ్ళు తప్పు అడ్రస్‌లో ఉండి. అదే ప్రయాణంలో ఉన్న ఫ్రెడరిక్ దె హౌట్‌మన్ ఇంకోసారి వెళ్ళి సుమత్రాలో అచే సుల్తాను జైల్లో రెండేళ్ళు ఉన్నాడు, వచ్చాక 1603లో మలయ్, మడగాస్కర్ భాషల డిక్షనరీ వేసి, దాని చివర 303 దక్షిణ నక్షత్రాల పట్టిక పెట్టాడు. డిక్షనరీ వెనకాల నక్షత్రాల పట్టిక! ఎవరు వెతుకుతారండి అక్కడ, చాలాకాలం ఎవరూ వెతకలేదు కూడా.

ఇక్కడ ఆగి ఒక చిన్న పని చేద్దాం, ఇది చూడకపోతే గ్లోబులూ మ్యాపులూ అర్థం కావు. ఇదిగో కొబ్బరి చిప్ప, పొద్దున్న పచ్చడికి కొట్టిందే. మేకుతో ఐదు కన్నాలు పెట్టా, సిలువ నాలుగు, ఆ ఐదో చిన్న చుక్క. బాబూ నువ్వు రా, ఈ చిప్పని మొహం మీద బోర్లించుకుని లోపల్నించి ట్యూబ్‌లైట్ వైపు చూడు. ఐదోది ఏ వైపు ఉంది? కుడివైపు కింద. కరెక్ట్. ఇప్పుడు చిప్ప తీసి బయట్నుంచి చూడు. ఎడమ వైపు! అదన్నమాట. మనం ఆకాశం అనే చిప్పలో లోపల ఉన్నాం. గ్లోబు అంటే చిప్పని బయట్నుంచి చూడటం, దేవుడు చూసినట్టు. కాబట్టి ఆకాశ గ్లోబుల మీద బొమ్మలన్నీ కుడి ఎడమలు తారుమారై ఉంటాయి. కాగితం మీద వేసే పటాల్లో కొందరు గ్లోబు చూపుతో వేశారు, కొందరు కంటి చూపుతో వేశారు. పాత పటం చేతికొస్తే ముందు ఈ ఐదో చుక్క ఎక్కడుందో చూడండి, వేసినవాడు లోపలున్నాడో బయటున్నాడో తెలిసిపోతుంది. సిలువ అటూ ఇటూ ఒకేలా ఉంటుంది, ఐదోదే సాక్షి. న్యూజిలాండ్ జెండాలో ఈ ఐదోది వదిలేశారు, నాలుగే ఉంటాయి, ఆస్ట్రేలియా జెండాలో ఉంది, ఈసారి క్రికెట్ చూసేటప్పుడు గమనించండి. చిప్ప నువ్వే ఉంచుకో నాన్నా.

1603లోనే ఆగ్స్‌బర్గ్‌లో యోహాన్ బాయర్ అనే లాయరు యురనోమెట్రియా అని అట్లాస్ వేశాడు, 51 పటాలు, రాగి రేకుల మీద చెక్కినవి, కంటి చూపుతో వేసినవి. చుక్కలకి ఆల్ఫా, బీటా అని గ్రీకు అక్షరాలు పెట్టే పద్ధతి ఈయనదే. ఇందులో సెంటారస్ పేజీ చూడండి, నాకు చాలా ఇష్టమైన పేజీ. గుర్రం వెనక కాళ్ళు ఉన్నాయి, ఆ కాళ్ళ మీదే సిలువ కూడా గీసి ఉంది. రెండూ ఒకదాని మీద ఒకటి. ఆ చుక్కలకి అక్షరాలు మాత్రం సెంటారస్ లెక్కలోనే ఇచ్చాడు. సిలువ కనపడుతోంది, కానీ పొలం ఇంకా గుర్రం పేరు మీదే ఉంది, రిజిస్ట్రేషన్ కాలేదు. టాలెమీ మాట కాదనడానికి ధైర్యం చాలలేదనుకుంటా, లేదా ఎవరినీ నొప్పించకుండా ఉందామనుకున్నాడో, లాయరు కదా.

తర్వాత సంగతులు గబగబా చెప్పేస్తా. 1679లో రోయే అనే ఫ్రెంచి ఆయన సిలువని వేరే రాశిగా చూపించాడు, చాలా పుస్తకాల్లో ఆయనే కనిపెట్టాడని రాస్తారు, మనం ఇంతసేపు చెప్పుకున్నదంతా విన్నాక అది ఎంత న్యాయమో మీరే చెప్పండి. అదే ఏడు ఎడ్మండ్ హేలీ, తోకచుక్క హేలీయే, సెయింట్ హెలీనా దీవిలో టెలిస్కోపుతో కొలిచిన 341 నక్షత్రాల పట్టిక అచ్చేశాడు. 1751లో లకాయి అనే ఫ్రెంచి మతాచార్యుడు కేప్ టౌన్ వెళ్ళి దాదాపు పదివేల చుక్కలు కొలిచి, సిలువకి సొంతంగా ఆల్ఫా, బీటా అక్షరాలు ఇచ్చాడు. రిజిస్ట్రేషన్ అప్పటికి అయింది.

ఇంకొక్కటి. సిలువ పక్కనే ఒక నల్లటి మచ్చ ఉంటుంది, పాలపుంత మధ్యలో సిరా ఒలికినట్టు, కోల్‌శాక్ అంటారు, బొగ్గుసంచి. యూరప్ పటాల్లో అది చిన్న మచ్చ, లేదా అసలు ఉండదు. ఆస్ట్రేలియా ఆదివాసీలు వేల ఏళ్ళుగా ఆ నల్లటి మచ్చనే చూశారు. అది ఈము పక్షి తల, అక్కణ్ణుంచి పాలపుంత వెంబడి నల్లగా మెడ, ఒళ్ళు. అంటే వాళ్ళు చుక్కల్ని కలపలేదు, చుక్కలు లేని చోటుని చూశారు. మన చిప్పలో ఐదో కన్నానికి ఈమధ్య అధికారికంగా గినాన్ అని పేరు పెట్టారు, అది అక్కడి వార్డమాన్ అనే ఆదివాసీల మాట, ఒక ఎర్ర సంచి పేరు. జెండాలోంచి న్యూజిలాండ్ వాళ్ళు తీసేసిన చుక్కకి అసలు పేరు ముందునుంచీ ఉందన్నమాట.

ప్రశ్నలేమైనా ఉంటే... ఆ, యాప్ పెట్టుకుంటే చాలు కదా అంటున్నారు. చాలు, పెట్టుకోండి, కానీ ముందు దక్షిణం వైపు ఇళ్ళూ టవర్లూ లేని చోటు చూసుకోండి, ఒక పిడికిలి ఎత్తే కాబట్టి ఎదురింటి వాటర్ ట్యాంకు అడ్డమొచ్చినా పోతుంది. సూర్యలంకో మంగినపూడో, బీచ్‌కి పోతే మంచిది, అది కూడా దక్షిణం వైపు లైట్లు లేకుండా. ఎడమ పక్కన రెండు పెద్ద చుక్కలు కాపలా ఉంటేనే అసలుది, లేకపోతే నేను చూపించినదే.

అక్కడ పాప చెయ్యెత్తింది, చెప్పమ్మా. త్రిశంకు తలకిందులుగా ఉంటే తల ఏది? అబ్బా. నన్ను ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదిది. సిలువకి కింది కొయ్య పొడుగు కాబట్టి, సిలువలా చూస్తే తల పైన ఉంటుంది, ఎర్ర చుక్క వైపు. కానీ త్రిశంకు తలకిందులు కాబట్టి కింద ఉన్న పెద్ద చుక్క, ఆక్రక్సే తల అనుకుందాం. మన దగ్గర ఎప్పుడు చూసినా తల కిందికే. కానీ మెల్‌బోర్న్‌లో ఈ రాశి అస్తమించదు, ధ్రువం చుట్టూ గిరగిరా తిరుగుతుంటుంది రాత్రంతా ఏడాదంతా. మా మేనకోడలు అక్కడే ఉంటుంది, పోయిన నవంబర్‌లో రాత్రి పది దాటాక వాళ్ళ పెరట్లోంచి ఫోటో తీసి పంపింది, "మావయ్యా, ఇదేంటి తిరగబడింది" అని. ఫెన్సింగ్ పైన, నేలకి బాగా దగ్గరగా, ఎర్ర చుక్క కింద, ఆక్రక్స్ పైన. త్రిశంకు కాళ్ళ మీద నిలబడి ఉన్నాడు.